రజిత ఒంట్లో రక్తం ఎవరిది

హన్మంతుకు శనివారమంటే పడదు. శనిదేవుడితో అతనికేం పేచీ లేదు. పేచీ అంతా శనివారం సాయంత్రం కొత్తకోట నుంచి బస్సు దిగే ప్రభుదాసుతోనే.

ప్రభుదాసు కొత్తకోటలో హైవే పక్కన లారీల మెకానిక్. వారమంతా గ్రీజులో మునిగి తేలి, శనివారం ఉప్పునుంతల దగ్గరున్న సొంతూరికి వస్తాడు. స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, కంజీర సంకలో పెట్టుకుని ఎక్కడికి బయల్దేరతాడనుకున్నారు? తిన్నగా హన్మంతు ఇంటికి. హన్మంతు పెళ్లాం రజితకు గుండె ఆపరేషన్ అయింది కదా, ఆమె కోలుకోవాలని ప్రార్థన చేయడానికి. అతని వెంట చర్చివాళ్లు ఇంకో అయిదారుగురు వస్తారు. హన్మంతు కళ్లకు మాత్రం వాళ్లెవరూ ఆనరు.

"వందనాలు సిస్టర్! ఎట్లుంది పానం?" అంటాడు ప్రభుదాసు గుమ్మంలోంచే.

సిస్టరట, సిస్టర్! పద్నాలుగేళ్ల కిందట ఇదే ప్రభుదాసు ఇదే రజితను పెళ్లిచూపులు చూడడానికి వచ్చి, ఆమె చేత్తో వడ్డించిన పోలెలు, అవే బొబ్బట్లు, ఆరు తిని, మూతి తుడుచుకుని, పిల్ల నచ్చిందని చెప్పి పోయాడు. మేనబావ ఉండగా బయటికి ఎందుకని పెద్దవాళ్లు రజితను హన్మంతుకే కట్టబెట్టారు గానీ, లేకపోతే ఈ సిస్టరు ఎవరయ్యేది? ఊళ్లో అందరూ ఎప్పుడో మరిచిపోయిన ఈ సంగతి హన్మంతుకు మాత్రం నిన్న జరిగినట్టే ఉంటుంది. పోలెలతో సహా.

నిజానికి ఈ కుళ్లు ఆపరేషన్ ముందురోజు దాకా నిద్రపోతూనే ఉంది. దాన్ని లేపింది రక్తం.

రజితకు చిన్నప్పుడెప్పుడో కీళ్లజ్వరం వచ్చి గుండెలో కవాటం పాడైందట. అది తెలిసిందే ఈమధ్య. పత్తి ఏరుతూ ఏరుతూ చేన్లో కూలబడిపోతే, పూణేలో మేస్త్రీ పని చేస్తున్న హన్మంతు తాపీ అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. కవాటం మార్చాలన్నారు, నలుగురు రక్తం ఇచ్చేవాళ్లను తెచ్చుకోమన్నారు. అందరికంటే ముందు చొక్కాచేయి మడిచింది హన్మంతే. వేలు పొడిచి చూసిన మనిషి పెదవి విరిచింది. "నీకే రక్తం తక్కువుంది. మీదికెల్లి పోయినేడు కామెర్లు ఒచ్చినయంటున్నవ్. పోయి పక్కకు కూసో," అంది.

నలుగురిలో తల కొట్టేసినట్టయింది. పెళ్లానికి ఇవ్వడానికి ఒంట్లో సీసాడు రక్తం లేనివాడు మొగుడేంది?

అప్పుడే దిగాడు ప్రభుదాసు, వెంట ఇంకో ముగ్గురిని వేసుకుని. మంచమెక్కి, చేయి చాపి, ఇంత లావు నరం చూపించి, రక్తం సంచీలోకి దిగుతున్నంతసేపూ సన్నగా పాట పాడుతూనే ఉన్నాడు. రక్తం ఇచ్చినవాళ్లకు ఏదైనా తాగించాలంటే జ్యూసు డబ్బా కొనుక్కొచ్చింది ఎవరు? మన హన్మంతే. దానికి పుల్ల గుచ్చి నోటికందించింది కూడా అతనే. ఆ డబ్బా చప్పరించినంతసేపూ ప్రభుదాసు మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వీడి రక్తం పోయి నా పెళ్లాం గుండెలో తిరుగుతుంది గదా అన్న మాట అప్పుడే మనసులో పడింది. పడ్డది మళ్లీ లేవలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. రజిత బతికింది. హన్మంతు ఇంటికి తెచ్చుకున్నాడు.

చేసిన చాకిరీలో వంక పెట్టడానికి లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఎదఎముక కోసి తీగెతో కుట్టారు కాబట్టి మూడు నెలలు ఆమె చేతులు పైకెత్తకూడదు, బిందె ముట్టకూడదు, పక్కకు ఒత్తిగిలి పడుకోకూడదు. స్నానం అతనే చేయించాడు. తలకు నూనె పెట్టి జడ వేయడం అతనే నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడ ఎద్దుల పగ్గంలా ఉండేది, రెండోనెలకు ఓ మాదిరిగా కుదిరింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఏ పూట తప్పినా ప్రమాదమన్నారని గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి మరీ వేశాడు. పని ఇచ్చే పెద్దమేస్త్రీ పూణే నుంచి మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తి కూడా చూడలేదు. గురుకులం హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్ చేసినప్పుడల్లా, "మీ అమ్మ నా కండ్ల ముంగటనే ఉంది, నువ్వు పరేషాన్ కాకు," అని చెప్పేవాడు.

అంతా చేశాడు, ప్రార్థన ఒక్కటి తప్ప. రజిత చర్చికి పోవడం అతను పూణేలో ఉన్న రోజుల్లో మొదలైంది. సెలవులకు వచ్చినప్పుడు ఆదివారం బండి మీద దింపేవాడు, బయట బండి మీదే కూర్చుని బీడీ కాల్చేవాడు, అయిపోగానే ఎక్కించుకుని వచ్చేవాడు. లోపలికి రమ్మంటే, "ఆయన సంగతి నువ్వు సూస్కో, నీ సంగతి నేను సూస్కుంట," అని నవ్వేవాడు. ఇంట్లో ప్రార్థన మొదలైతే ఏదో పనున్నట్టు లేచి వాకిట్లోకి నడిచేవాడు.

నడిచేవాడు గానీ, చెవులు ఇంట్లోనే ఉండేవి.

ఊపిరితిత్తులు బలపడాలని దవాఖానవాళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. దానికి గొట్టం, లోపల మూడు గోలీలు. గొట్టంలోంచి గాలి గట్టిగా పీలిస్తే గోలీలు పైకి లేవాలి. హన్మంతు పక్కన కూర్చుని, "పీల్చు పిల్లా, ఇంకా గట్టిగ పీల్చు," అని బతిమాలితే ఒక్క గోలీ లేచేది, అదీ సగం దాకా. "నొస్తుంది బావా," అని పక్కన పెట్టేసేది. ఒక శనివారం ప్రార్థన అయ్యాక ప్రభుదాసు ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, "సిస్టర్, నేను పాట ఎత్తుకుంట, నువ్వు గాలి గుంజు," అని కంజీర మీద దరువేశాడు. రెండు గోలీలు టక్కున పైకి లేచాయి. ఇంట్లో చేరినవాళ్లంతా చప్పట్లు. రజిత మొహం వెలిగిపోయింది.

వాకిట్లో నిలబడి హన్మంతు ఇదంతా కిటికీలోంచి చూశాడు. వారం రోజులు కాళ్లు పట్టినా లేవని గోలీ వాడి దరువుకు లేస్తుందా! లేవదూ మరి? లోపలున్నది వాడి రక్తమే గదా, వాడి మాటే వింటుంది.

ఇలా అనుకోవడం పిచ్చి అని అతనికి తెలుసు. తెలిసినా ఆగదు, ఈ రోగమే అంత.

ఆ తర్వాత బెండకాయ వచ్చి పడింది. రజిత పుట్టి బుద్ధెరిగి బెండకాయ ముట్టలేదు, జిగురని అసహ్యం. మాత్ర పనిచేయాలంటే ఆకుకూరలు ఇష్టమొచ్చినట్టు తినకూడదన్నారు కాబట్టి పాలకూర, తోటకూర తగ్గించి హన్మంతు రోజూ వంకాయ, సొరకాయ తిప్పి తిప్పి వండుతున్నాడు. ఒకరోజు రజిత, "బావా, బెండకాయ ఏంచి పెట్టరాదు, తినబుద్దయితుంది," అంది.

హన్మంతు చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వా? బెండకాయా?"

"నోరు సప్పగుంది. రోజు సొరకాయేనా?"

వేయించి పెట్టాడు. లొట్టలేసుకుంటూ తింది. ఆమె ఒక్కో ముక్క నములుతుంటే హన్మంతుకు అనుమానం ఒక్కో మెట్టు ఎక్కింది. సాయంత్రం అయ్యేసరికి ఆగలేక, బోరింగు దగ్గర ప్రభుదాసు పెళ్లాం నిరోష నీళ్లు కొడుతుంటే తనూ ఓ బిందె పట్టుకుపోయి పక్కన నిలబడ్డాడు. కాసేపు వానల సంగతి మాట్లాడి, మెల్లగా, "చెల్లె, మీ ఆయనకు ఏం కూరంటే ఇష్టం?" అని అడిగాడు.

నిరోష వింతగా చూసింది. "ఎందుకన్నా?"

"ఊకెనే. ఎప్పుడన్న అన్నానికి పిలుద్దామని."

"ఆయనకేం రుసులు గావాలె? బెండకాయ ఉంటె సాలు, పండగే."

హన్మంతు బిందె కూడా పెట్టకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ వారమంతా బెండకాయ ఇంట్లోకి రానివ్వలేదు. రజిత అడిగితే, "అంగట్ల లెవ్వు," అన్నాడు. అంగడి నిండా బెండకాయలే.

మీకు నవ్వొస్తుంది గానీ ఆ మనిషికి నిద్ర పట్టడం మానేసింది. ఆమె బతికింది, సంతోషమే. బతికిన ఆమె బతుకులో తనకు చోటుందా లేదా, అదీ అతని భయం. ఒళ్లు కడగడానికి, మాత్ర వేయడానికి, జడ వేయడానికి తను. నవ్వడానికి, ఊపిరి పీల్చడానికి వాళ్లు. దవాఖానలో ఆయా కూడా తనలాగే చేసింది కదా, ఇంటికి వచ్చేటప్పుడు ఆమెకో దండం పెట్టి వచ్చేశారు. రేపు ఒళ్లు బాగైతే తనకూ అంతేనా?

మూడో నెల చూపించుకోవడానికి హైదరాబాద్ వెళ్లారు. డాక్టరు చూసి చాలా బాగుంది అన్నాడు. రజిత మందుల చీటీ కోసం వరుసలో కూర్చుంటే, హన్మంతు రక్తం తీసే నర్సు దగ్గరికి పోయి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తె అది ఎన్ని రోజులుంటది లోపల?"

"మూడు నాలుగు నెలలు. తర్వాత ఒంట్లో కొత్తది తయారైతది."

"ఆ ఇచ్చినోని గుణాలు గిట్ల ఒస్తయా? తిండి గిట్ల?"

నర్సు సూది పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "ఎవరిచ్చిండ్రు?"

"మా ఊరాయన, ప్రభుదాసని."

"నీ భార్యకు ఎక్కింది ఆయనదే అని ఎవరు చెప్పిండ్రు నీకు? మీరిచ్చింది బ్యాంకుల పెట్టుకుంటం, బ్యాంకులున్నది మీకిస్తం. మీ ఊరాయనది ఎవరికి పోయిందో మాకే తెల్వదు. నీ భార్యకు ఎక్కింది ఎవరిదో పుణ్యాత్మునిది."

హన్మంతుకు ఆ నర్సు కాళ్లు మొక్కాలనిపించింది. ఎవరిదో! ముక్కూ మొహం తెలియని వాడిది! వాడికి కంజీర లేదు, పాట రాదు, పోలెలు తినలేదు. రెండేసి మెట్లు దిగి, రజితకు బత్తాయి రసం కొనిచ్చి, తనూ తాగి, బస్సెక్కినా నోట్లో మాట దాగలేదు. ఆమనగల్లు దాటుతుండగా చెప్పేశాడు.

"నీకో ముచ్చట చెప్పాల్నా? నీ ఒంట్ల ఉన్నది ప్రభుదాసు రక్తం గాదంట!"

రజిత కిటికీలోంచి తల తిప్పింది. "అయితే?"

"అయితే ఏంది, గాదు! బ్యాంకుల కలిపేస్తరంట. ఎవరిదో ఎక్కిచ్చిండ్రు. నర్సమ్మను అడిగి వచ్చిన."

"గిది అడగనీకి పోయినవా నువ్వు?" పూర్తిగా అతని వైపు తిరిగింది. "బెండకాయలు అంగట్ల లెవ్వన్నది గూడ గిందుకేనా? నిరోష చెప్పింది, నువ్వు బోరింగు కాడ అడిగినవని. నేను నవ్విన అప్పుడు. ఉట్టి ముచ్చట అనుకున్న."

హన్మంతు ముందు సీటు కడ్డీ పట్టుకుని నేలచూపులు చూశాడు.

"మూడు నెలలు నాకు సేవ చేసినవనుకున్న బావా. నా ఒంట్ల ఎవరున్నరని కావలి కాసినవా?"

"అట్ల గాదు పిల్లా..."

"ఎట్ల గాదు? ఆ దినం నన్ను లోపలికి తీస్కపోతుండ్రు. మల్ల ఒస్తనో రానో తెల్వది. అందరు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుండ్రు. నువ్వొక్కనివే కండ్లు తెరిసి ఉన్నవ్. హమ్మయ్య, మా బావ నన్ను సూస్తుండు అనుకున్న. సూస్తె నువ్వు నా దిక్కు సూస్తలేవు. ప్రభుదాసు దిక్కు సూస్తున్నవ్. తినేటట్టు సూస్తున్నవ్. నేను సచ్చిపోతె నువ్వు ఆకరిసారి సూసింది ఆయన మొకం అయితుండె, నాది గాదు."

హన్మంతు నీళ్ల సీసా తీసి అందించాడు. రజిత తీసుకోలేదు.

"ఎనిమిదేండ్లు నువ్వు పూణెల ఉంటివి. రాత్రి దమ్ము ఆడకుంటె లేసి కూసుంటుంటి. ఎవరిని పిలువాలె? నా ఫోన్ల బ్యాలెన్స్ ఉండకపాయె. అప్పుడు దేవుణ్ణి పిలుస్తుంటి. అట్ల నేర్సుకున్న ప్రార్థన. ప్రభుదాసు నేర్పలే, నిరోష నేర్పలే. నువ్వు లేకుండుడే నేర్పింది."

తర్వాత ఊరొచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాత్ర అడిగి వేసుకుంది, పెట్టింది తింది, జడ వేస్తానంటే తల ఇచ్చింది. కోపంతో తిట్టినా బాగుండేదని హన్మంతుకు అనిపించింది. కోపమంటే ఇంకా తన మనిషే అన్నట్టు. ఈ మర్యాద అతన్ని కోసేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నారు. రోగం నుంచి లేచినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లంతా చేరి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ. పాస్టరు దేవదాసయ్య వచ్చాడు. ప్రభుదాసు, నిరోష వచ్చారు. ఇంకో పదిమంది చాపల మీద కూర్చున్నారు. రజిత ఉతికిన చీర కట్టుకుని నవారు మంచం మీద, నిరోష పక్కన కూర్చుంది. హన్మంతు ఎప్పటిలాగే, వంట చూడాలన్నట్టు పొయ్యి వైపు జారుకున్నాడు.

పాటలయ్యాయి. వాక్యం అయింది. దేవదాసయ్య ముసలివాడు, చూపు మందగించినా ఆనవాయితీ తప్పనివ్వడు. "ముందుగాల ఇంటి యజమాని ప్రార్థన చెయ్యాలె. హన్మంతు ఏడీ?" అన్నాడు.

"మా బావకు రాదయ్యా," అంది రజిత నెమ్మదిగా. "ఆయనకు ఇబ్బంది. ప్రభుదాసన్నను చెయ్యమనుండ్రి."

పొయ్యి దగ్గర హన్మంతు ఆ మాట విన్నాడు. ప్రభుదాసన్నను చెయ్యమనుండ్రి! తన ఇంట్లో, తన పెళ్లాం కోసం, తను బతికుండగా! ఒళ్లు భగ్గుమంది. చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ వచ్చి అందరి మధ్య నిలబడ్డాడు.

"నేనే చేస్త," అన్నాడు.

అందరూ కళ్లు మూసుకున్నారు. హన్మంతు కూడా మూసుకున్నాడు. చేతులు కట్టుకోవాలో చాచాలో తెలియక తువ్వాలనే రెండు చేతులా పిసికాడు.

"ప్రభువా... నేను హన్మంతును. నువ్వు నన్ను ఎరగవు. బయట బండి మీద కూసుండేటోణ్ణి."

ఎవరో కిసుక్కున నవ్వారు. దేవదాసయ్య దగ్గాడు, నవ్వు ఆగిపోయింది.

"నాకు మీ మాటలు రావు. ఉన్నది ఉన్నట్టు చెప్త. నాకు కుళ్లు. ప్రభుదాసు మీద కుళ్లు. ఆయన పాట పాడితె నా పెండ్లాం మొకం ఎలుగుతది, అది సూస్తె నా కడుపు మండుతది. ఆయన చెడ్డోడైతె తిట్టి ఎల్లగొడుదును. ఆయన మంచోడు. రక్తం ఇచ్చిండు. మంచోడైనందుకే ఇంక మండుతది."

ప్రభుదాసు ఒక కన్ను తెరిచి, గబుక్కున మూసుకున్నాడు.

"రజితను లోపలికి తీస్కపోయేటప్పుడు నేను రజితను సూడలే. తప్పయింది. ఆమెకు చెప్పనీకి నాకు నోరు ఒస్తలేదు. నీకు చెప్తున్న, ఆమె వింటది."

కాసేపు ఆగాడు. అయిపోయిందేమోనని దేవదాసయ్య నోరు తెరవబోయాడు. హన్మంతు మళ్లీ అందుకున్నాడు, ఈసారి కొంచెం గట్టిగా, పేచీ పెట్టుకునేవాడిలా.

"ఇంకొకటుంది. అసలు కుళ్లు ప్రభుదాసు మీద గాదు. నీ మీద. నేను పూణెల ఎవరివో గోడలు కట్టుకుంట ఉంటి. ఆమెకు దమ్ము ఆడనప్పుడు నువ్వున్నవంట. ఏడ్చినప్పుడు నువ్వున్నవంట. అది నా జాగ. నా జాగల నువ్వు కూసున్నవ్. నిన్ను పొమ్మంటలేను. నువ్వు పోతె ఆమె తట్టుకోదు, నాకు తెలుసు. కాని నేను ఒచ్చిన ఇప్పుడు. ఇగ పూణెకు పోను, యాడికి పోను. నువ్వు జర జరుగు. నన్ను గూడ కూసోనీ."

తర్వాత ఏమనాలో అతనికి తెలియదు. చివర్లో ఆమెన్ అనాలని ఎవరూ చెప్పలేదు. అది వినపడేదాకా కళ్లు తెరవకూడదని వాళ్లంతా అలాగే కూర్చున్నారు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. హన్మంతు తువ్వాల పిసుకుతూ నడిమధ్యలో నిలబడే ఉన్నాడు, అభాసుపాలయ్యానని చెవులు వేడెక్కిపోతున్నాయి.

అప్పుడు మంచం కిర్రుమంది.

"నిరోషా," అంది రజిత. గొంతులో ఏడుపు, నవ్వు రెండూ ఉన్నాయి. "నువ్వు జర కింద చాప మీద కూసోవే. మా బావ కూసుంటడు."

నిరోష కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి చాప మీదికి దిగింది. హన్మంతు పోయి రజిత పక్కన కూర్చున్నాడు. ఆమె ఇంకాస్త జరిగి చోటిచ్చింది. దేవదాసయ్యకు అప్పుడు గుర్తొచ్చి, అందరి తరఫునా ఆమెన్ అన్నాడు.